జిగురుబండ మీద మారెక్క తల్లి వెలసిన వైనం

చినగొందిపల్లెకు ఉత్తరాన, రెండు గుట్టల నడుమ సాగే సన్నటి దారిని గాలిగొంది కనుమ అంటారు. పల్లె చివర బస్సు దిగిన భక్తులు అక్కడి నుంచి సుమారు గంటన్నర నడవాలి. దారిలో అంగళ్ళు లేవు. నీటి చెలమ ఒకటి ఉంది గానీ మాఘమాసం దాటితే అది ఎండిపోతుంది, కనుక నీళ్ళు వెంట తెచ్చుకోవడం మంచిది. పసిపిల్లలతో వచ్చేవారు ఏ కాలమైనా సరే ఒక దుప్పటి మరిచిపోకూడదు. కనుమ సగం ఎక్కేసరికి ఎదురుగాలి మొదలవుతుంది, ఎండాకాలంలో సైతం ఆ గాలిలో చలి ఉంటుంది.

పైకి చేరితే అక్కడ గోపురం కనిపించదు. ధ్వజస్తంభం లేదు, గంట లేదు. మూడు వైపుల మోకాలెత్తు రాతికట్టు, నెత్తిన ఇనుప రేకు, నడుమ పడుకున్న ఏనుగంత నల్లటి బండ. ముఖమూ చేతులూ ఉన్న విగ్రహం కోసం చూసేవారు మొదటిసారి కాస్త తెల్లబోవడం మామూలే. ఆ బండే అమ్మవారు. దాని మీద నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా లెక్కకు రానన్ని గీతలు ఉంటాయి. అవి శిల్పి చెక్కినవి కావు. కొడవలితో గుడ్డ కోసేటప్పుడు రాతి మీద పడిన గీతలు. బండకు పక్కగా ఆరు రాళ్ళ కుప్పలు, ఒక్కో కుప్ప మీద ఒక్కో చిన్న బొంత.

రాళ్ళకు బొంతలెందుకని అడగని బిడ్డ ఉండడు. ఆ ప్రశ్నకు పెద్దలు చెబుతూ వచ్చిన జవాబునే ఇక్కడ రాస్తున్నాము.

పూర్వం కనుమకు ఈవల, ఈ బండకు రెండు పగళ్ళ నడక దూరాన, ముప్పై గడపల పల్లె ఒకటి ఉండేది. గొర్రెలు మేపేవారు, మెట్ట చేలు దున్నేవారు కలిసి బతికేవారు. ఆ పల్లెలో మారెక్క అనే ఆమె బొంతలు కుట్టేది. పెళ్ళయిన ఐదేళ్ళకే భర్త పోతే, ఆ సూదితోనే ఒక్క కొడుకును పెంచి పెద్దవాణ్ణి చేసింది. పాత చీరలూ పంచెలూ ఆమె ముందు పడేస్తే కళ్ళతో చూసేది కాదు, వేళ్ళతో తడిమి చూసేది. ఎక్కడ బలం ఉంది, ఎక్కడ నలిగిపోయింది, ఏ ముక్క పైకి రావాలి, ఏది లోపలికి పోవాలి అన్నది ఆ తడమడంలోనే తేలిపోయేది.

ఇక్కడ ఒక సంగతి తెలుసుకుంటే మిగతా కథ బాగా అర్థమవుతుంది. గుడ్డ అంటే నిలువు పోగులూ అడ్డం పోగులూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉండటమే. నేతగాడు నేసిన అంచు దగ్గర పోగు వెనక్కి తిరిగి మళ్ళీ గుడ్డలోకే పోతుంది, అందువల్ల జారదు. మనం కోసిన చోట అలా తిరగడానికి దారి లేదు. చివరి పోగును పట్టుకునే దిక్కు ఉండదు. అది జారిందంటే దాని పక్కది జారుతుంది, ఆ తరువాత దాని పక్కది. కొత్త గుడ్డ కొన్నాళ్ళు ఓర్చుకుంటుంది. ఉతికి ఉతికి పలచబడిన పాత గుడ్డ ఓర్చుకోలేదు. బొంతలోకి వచ్చేదేమో పాత గుడ్డే.

అందుకని మారెక్క చింతగింజలు వేయించి, పొట్టు తీసి, దంచి, చిక్కటి జిగురుగా కాచేది. కోయవలసిన చోట వేలితో గీత గీసినట్టుగా ఆ జిగురు రాసి, ఎండలో ఆరనిచ్చి, ఆ గీత నడిమధ్యన కోసేది. అప్పుడు పోగులన్నీ ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. ఆ అంచును లోపలికి రెండు మడతలు పెట్టి, సూదిని అంచు మీదుగా చుట్టి చుట్టి కుట్టేది. ఈ పనిని ఆమె 'అంచుకు పెట్టడం' అనేది, పిల్లలకు అన్నం పెట్టడం అన్నట్టుగా.

ఆ మాటకు ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వుకునేవారు. "ఏం మారెక్కా, కోడలికి పెట్టినావా, గుడ్డకే పెట్టి కూచున్నావా?" అని వాకిట్లోంచి పోతూ పోతూ అడిగేవారు.

"కోడలు అడిగి తింటుంది మే. గుడ్డ అడగదు గదా," అని ఆమె తల ఎత్తకుండానే చెప్పేది.

అలా ఉండగా ఆ సీమకు కరువు వచ్చింది. మూడేళ్ళు వరుసగా వాన లేదు. మొదటి ఏడు ఎద్దులను అమ్ముకున్నారు. రెండో ఏడు గొర్రెలు మేత లేక గుంపులు గుంపులుగా పడిపోయాయి. మూడో ఏడు జ్వరం వచ్చి పెద్దవాళ్ళను పట్టుకుంది. ముప్పై గడపల్లో పన్నెండు మూతపడ్డాయి. మారెక్క కొడుకు కూడా ఆ జ్వరంలోనే పోయాడు. ఇంట్లో ఆమె, కోడలు సన్నక్క, నాలుగేళ్ళ మనవడు కదిరప్ప మిగిలారు.

పుష్యమాసం వచ్చేసరికి ఊరిలో తినడానికి చింతగింజలు తప్ప ఏమీ లేవు. వాటిని దంచి, ఉప్పు లేని అంబలి కాచుకుని, రోజుకు ఒక్కొక్కరికి ఒక్కో చిప్ప చొప్పున తాగుతున్నారు. ఉన్న గింజలన్నీ బీరన్న ఇంట్లో ఉండేవి. బీరన్న గొర్రెల కాపరుల పెద్ద. మాట కటువు, మనసు న్యాయం. ఆయనే ఒకనాడు అందరినీ పిలిచి, కనుమ దాటి ఏటి ఒడ్డు పల్లెలకు పోదామని, అక్కడైతే ఇంత కూలి, ఇంత గంజి దొరుకుతాయని చెప్పాడు. దారి మూడు పగళ్ళు, రెండు రాత్రులు. పెద్దవాళ్ళు ఎలాగో తట్టుకుంటారు. ఊళ్ళో మిగిలిన ఇరవై ఇద్దరు పిల్లలు గాలిగొందిలో ఆ చలికి ఎలా ఆగుతారన్నదే ప్రశ్న. గొర్రెలే లేనప్పుడు గొంగళ్ళు ఎక్కడివి? ఉన్నవి ఎప్పుడో గింజలకు మారిపోయాయి.

"పిల్లోళ్ళందరికీ కలిపి ఒకటే బొంత కుట్టు మారెక్కా," అన్నాడు బీరన్న. "ఒకరి వేడి ఒకరికి తగులుతుంది. మూడు దినాల్లో కావల్ల."

"గుడ్డలు?"

"పోయినోళ్ళవి ఉండాయి గదా."

పోయినవారి బట్టలు శ్మశానం దగ్గరే వదిలేయడం ఆ ఊరి ఆచారం. ఆ ఏడు వరుసగా చావులు రావడంతో వదలడానికి పోయేవారు లేక అవి ఇళ్ళల్లోనే మూటలుగా పడి ఉన్నాయి. ఒకరిద్దరు గొణిగారు. చచ్చినోళ్ళ గుడ్డలు పిల్లలకు కప్పుతారా అన్నారు. "బతికినోళ్ళవి ఒంటి మీద ఉండాయి. ఇప్పి ఇస్తావా?" అని బీరన్న అడిగాడు. మూటలు విప్పారు. మారెక్క తన కొడుకు పంచెను తానే తెచ్చి ఆ కుప్పలో వేసింది. లోపల కూరడానికి, బీళ్ళల్లో చచ్చి పడిన గొర్రెల ఒంటి మీది బొచ్చును ఆడవాళ్ళు ఏరుకొచ్చారు.

గుడ్డలన్నీ తడిమి చూసిన తరువాత మారెక్క బీరన్న గడప ముందు నిలబడింది.

"రెండు దోసిళ్ళ చింతగింజలు ఇయ్యన్నా. అంచులకు పెట్టుకుంటా."

"రెండు దోసిళ్ళంటే అందరికీ ఒక పూట అంబలి."

"తెలుసన్నా. గుడ్డలు చూస్తే నీళ్ళయిపోయి ఉండాయి. జిగురు పెడితే అర వేలు మడత చాలు, బొంత ఇరవై ఇద్దరికీ పరుచుకుంటుంది. పెట్టకపోతే రెండు వేళ్ళు మడవాల. ఆ మడతల్లోకే గుడ్డంతా పోతుంది. పదారు మందికే వస్తుంది."

బీరన్న తనంతట తాను కాదనలేదు. ఊరివాళ్ళను పిలిచి, ఒక పూట పస్తు ఉంటారా అని అడిగాడు. గోడకు ఆనుకుని కూర్చున్న ముసలాయన ఒకడు, "మనిషిని మాడబెట్టి గుడ్డకు తినిపించేది నేను యాడా వినలేదబ్బా," అన్నాడు. నవ్వే ఓపిక లేకపోయినా ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"చూసినావు గదా," అన్నాడు బీరన్న. "పిల్లోళ్ళు నిన్న పొద్దున ఇంత తాగినోళ్ళు, మళ్ళా తాగలేదు. వాళ్ళ నోటి కాడిది తీసి గుడ్డకు ఇయ్యలేను. కోపం చేసుకోవద్దు."

ఇందులో బీరన్నది పిసినారితనం కాదని చదువరులు గుర్తించాలి. ఆకలి కళ్ళ ముందుంది. చలి రెండు రోజుల దూరంలో ఉంది. ఎదురుగా ఉన్నదానికే ఆయన విలువ ఇచ్చాడు. మనమైనా ఆ గడపలో నిలబడి ఉంటే అదే పని చేసేవాళ్ళమేమో.

మారెక్క వాదించలేదు. కళ్ళంలో పిల్లలను వరుసగా పడుకోబెట్టమంది. ముక్కలను రెండు వేళ్ళ మడత లెక్కన వాళ్ళ మీద పరుస్తూ పోయింది. కదిరప్ప అడ్డంగా దొర్లాడు. "నీ మనవడికి ఇద్దరి చోటు కావల్లనా? నిద్దర్లో అందరి గుడ్డా వాడే లాక్కుంటాడు," అని ఒకామె వాణ్ణి నిలువుగా తిప్పింది. పదహారో బిడ్డ దగ్గర గుడ్డ అయిపోయింది. ఆ తరువాత ఆరుగురు ఉత్త నేల మీద, ఉత్త ఒళ్ళతో పడుకుని ఉన్నారు.

ఆ ఆరుగురిలో మొదటిది బీరన్న చిన్న కూతురు ఈరక్క. ఆరేళ్ళ పిల్ల. గుడ్డ తన దాకా రాలేదని చూసి మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుంది. "నాకు కొంచెం చాలులే అత్తా. నేను ఇట్ల పడుకుంటా," అంది.

తల్లులు మారెక్క వైపు చూశారు. ఏ ఆరుగురిని బయట పడుకోబెట్టాలో ఎవరు చెబుతారు? చివరికి ఒకామె అంది: "మడత తగ్గించు మారెక్కా. ఇంతే ఇంత, దారం పట్టేంత పెట్టు. అప్పుడు అందరికీ వస్తుంది గదా. రెండు రాత్రులే గదా, ఆగదా?"

ఆగదని మారెక్కకు తెలుసు. జిగురు లేకుండా, మడత లేకుండా, నలిగిన గుడ్డ అంచుకు దారం వేస్తే ఆ దారం పోగులను పట్టుకుని ఉండదు, వాటిని బయటికి లాగేస్తుంది. ముప్పై ఏళ్ళుగా పక్కింటి పిల్లలకు సైతం ఆమె ఇదే చెప్పింది. అయినా ముడుచుకుని పడుకున్న ఈరక్కను చూసి, "ఆగుతుందిలే," అంది.

ఆ ఒక్క మాటే తన పాపమని ఆమె తరువాత చెప్పుకుందంటారు.

మూడు దినాల్లో బొంత అయింది. ఎనిమిది మంది ఆడవాళ్ళు కూర్చుని కుట్టారు. అంత పెద్ద బొంత ఆ సీమలో అంతకుముందు ఎవరూ చూడలేదు. ఇరవై ఇద్దరూ దాని కిందికి వచ్చారు, ఇంకా జానెడు మిగిలింది. అందరూ సంతోషించారు. మారెక్క ఒక్కతే మిగిలిన జానెడును వేళ్ళతో తడిమి చూసింది. ఆ జానెడు మడతలకు పోవలసిన గుడ్డ.

మొదటి రాత్రి గుట్ట అడుగున మకాం చేశారు. గాలి తక్కువ. పిల్లలు వెచ్చగా పడుకున్నారు. తెల్లవారి బొంత మడిచేటప్పుడు మారెక్క వేలికి పోగులు చుట్టుకున్నాయి. నడిమి అతుకు వెంబడి దారం పక్కన సన్నటి సందులు. ఆమె ఆ పోగులను పళ్ళతో కొరికి పారేసి, బొంతను చుట్టి బీరన్న భుజానికి ఎత్తింది. అప్పుడైనా చెప్పి ఉంటే ఒక పగలంతా ఆగి కుట్టుకునేవారు. అలా ఆగితే అంబలి దారిలో ఒక రోజు ముందే అయిపోతుందని ఆమె ఊరుకుంది. తప్పు ఒకసారి చేసినవారికి రెండోసారి నోరు పెగలదు.

రెండో సాయంత్రానికి కనుమ నడుమకు, ఇప్పుడు మనం నిలబడే ఈ బండ దగ్గరికి చేరారు. గాలికి నిప్పు నిలవలేదు. పిల్లలను బండ చాటున పడుకోబెట్టి, బొంత కప్పి, పెద్దవాళ్ళు గాలికి అడ్డంగా వీపులు పెట్టి కూర్చున్నారు. ఆకలితో ఉన్న ఒళ్ళు ఎంతసేపని మేలుకుంటుంది? కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే ఒరిగిపోయారు.

తెల్లవారి అందరికంటే ముందు లేచింది సన్నక్క. కనుమ పొడుగునా ముళ్ళకంపల మీద తెల్లగా ఏదో పట్టుకుని ఉండటం చూసింది. మొదట మంచు అనుకుంది. దగ్గరికి పోయి చేతిలోకి తీసుకుంటే గొర్రె బొచ్చు. అప్పుడు వెనక్కి తిరిగి పిల్లల వైపు చూసింది.

బొంత నడిమికి విచ్చిపోయి ఉంది. అతుకులు అతుకులుగా కాదు, పోగులు పోగులుగా విడిపోయింది. దారాలు కుట్టినవి కుట్టినట్టే ఉన్నాయి, పట్టుకోవడానికి వాటికి గుడ్డ మిగల్లేదు. లోపలి బొచ్చంతా గాలి ఎత్తుకుపోయింది. విచ్చిన చోట ఉన్న పిల్లలు ఆరుగురు. ఆరుగురూ ఒకరినొకరు పట్టుకుని ఉన్నారు. ఈరక్క మోకాళ్ళు ముడుచుకునే ఉంది.

ఆమె పక్కన కదిరప్ప ఊపిరితో ఉన్నాడు. నిద్రలో ఊడిన ముక్కను లాక్కుని ఒంటికి చుట్టుకున్నాడు. అది వాడి తండ్రి పంచె ముక్క. బీరన్న వచ్చి కూతురిని చూశాడు, పక్కనున్న పిల్లవాణ్ణి చూశాడు. సన్నక్క కొడుకును చప్పున దగ్గరికి లాక్కోబోయి ఆగిపోయింది. బీరన్న వంగి, పిల్లవాడి భుజం మీది నుంచి జారిన ఆ ముక్కను పైకి లాగి సరిగ్గా కప్పాడు. ఆ తరువాత కూతురిని ఎత్తుకున్నాడు.

ఆ ఉదయం కనుమలో ఎవరూ గట్టిగా ఏడవలేదని చెబుతారు. ఏడవడానికైనా ఒంట్లో ఇంత బలం ఉండాలి. నేల తవ్వడానికి కూడా బలం లేక ఆరుగురి మీదా రాళ్ళు పేర్చారు. పైన కప్పడానికి ఏమీ లేకపోయింది.

పొద్దెక్కాక బీరన్న రెండు దోసిళ్ళ చింతగింజలు తెచ్చి మారెక్క ముందు బండ మీద పోశాడు.

"ఇప్పుడొద్దులే అన్నా," అంది మారెక్క. "పిల్లోళ్ళకు కాయించు. నా చిప్పలోది చాలు నాకు."

ఆ రోజూ, మరుసటి రోజూ అందరూ అక్కడే ఆగారు, రాత్రుళ్ళు పెద్దవాళ్ళు పిల్లలను తమ ఒళ్ళకు అదుముకుని కాచారు. మారెక్క ఆ బండ మీదనే కూర్చుంది. విచ్చిన బొంతను ముక్కలుగా విప్పింది. తన వంతు అంబలి చేతికి వచ్చిన ప్రతిసారీ అందులో వేలు ముంచి ముక్కల అంచులకు రాసింది, బండ మీద పరిచి ఎండలో ఆరబెట్టింది, కొడవలితో కోసింది, రెండు వేళ్ళు మడిచి కుట్టింది. బొంత చిన్నదవుతూ వచ్చింది. ఈసారి ఎంత మడత పెట్టినా ఫరవాలేదు. పిల్లలు పదహారు మందే.

"అత్తా, రెండు గుక్కలన్నా తాగు," అని సన్నక్క చిప్ప నోటి దగ్గర పెట్టింది.

"నేను తాగితే మాపటికి మళ్ళా ఆకలవుతుంది. ఇది ఒక్కసారి తాగితే చాలు," అని మారెక్క ఆ చిప్పను గుడ్డ దగ్గరికి జరుపుకుంది.

మూడో నాటి ఉదయానికి బొంత సిద్ధమైంది. బీరన్న దాన్ని రెండు చేతులా పట్టి, కాలితో తొక్కి లాగి చూశాడు. ఒక్క పోగు కదల్లేదు. కుట్టిన మనిషి మాత్రం లేవలేకపోయింది. మోసుకుపోతానని బీరన్న వంగితే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"బొంతను మొయ్యన్నా. నీ బిడ్డను నేను నేల మీద పడుకోబెట్టినా. నన్ను ఎత్తుకోవద్దు."

"ఇయ్యనన్నది నేను గదా మారెక్కా."

"నువ్వు తెలియక ఇయ్యలేదు. నేను తెలిసీ ఆగుతుందన్నా."

సన్నక్క ఆమె కాళ్ళ దగ్గర చాలాసేపు కూర్చుంది. గాలి మళ్ళీ మొదలవుతుంటే, పిల్లలను చూపించి మారెక్కే ఆమెను పొమ్మంది. వారు కనుమ దాటేదాకా, బండ మీద కూర్చున్న ఆమె ఆకారం వెనక్కి తిరిగినప్పుడల్లా కనిపించిందట.

నీరసానికి నడక సాగక ఆ రాత్రి దారిలో మరొక మకాం పడింది. గాలి ముందటి రాత్రులకంటే ఎక్కువగా వీచింది. పదహారు మంది పిల్లలూ తెల్లవారి లేచారు. ఏటి ఒడ్డు పల్లెలకు చేరారు, గంజి తాగారు, బతికారు.

చేరిన మూడో రోజు మధ్యాహ్నం సన్నక్క వడ్లు దంచుతూ రోటి పక్కనే కునుకు తీసింది. కలలో అత్త బండ మీద కూర్చుని కనిపించింది. చుట్టూ ఆరుగురు పిల్లలు. "అంచుకు పెట్టినారా?" అని అడిగింది. "వీళ్ళ మీద ఏమీ లేదమ్మీ. చలి పోవడంలేదు. ముందు పెట్టి, ఆ తరువాత కోసి, తీసుకునిరా," అని చెప్పి పిల్లల వైపు తిరిగింది. కల అంతే.

తొమ్మిది నెలలకు వానలు పడ్డాయి. ఊరివాళ్ళు తిరిగి వచ్చి, ఇప్పుడు చినగొందిపల్లె ఉన్న చోట ఇళ్ళు వేసుకున్నారు. సన్నక్క ఆరు చిన్న బొంతలు కుట్టుకుని వచ్చింది. ఆరు రాళ్ళ కుప్పలు చెక్కు చెదరలేదు. బండ మీద మారెక్క లేదు, ఆమె ఎముక ఒక్కటి కూడా కనిపించలేదు. కొండ మెకాలు ఎత్తుకుపోయి ఉంటాయని ఏటి ఒడ్డు వారు చెప్పే కథలో ఉంది. చినగొందిపల్లె పెద్దలు ఆ మాట ఎత్తరు. వారు చెప్పేది ఒకటే: కొడవలి గీతలన్నింటిలో చింతగింజల జిగురు నిన్న రాసినట్టు తడిగా ఉంది. తొమ్మిది నెలల ఎండకు అది ఆరలేదు, వానకు కడుక్కుపోలేదు. సన్నక్క ఆ తడిలో వేలు ముంచి తాను తెచ్చిన బొంతల అంచులకు మరొకసారి రాసి, ఆరుగురి మీదా కప్పింది. అది మొదలు ఈ బండకు జిగురుబండ అనీ, మారెక్కకు మారెక్క తల్లి అనీ పేర్లు వచ్చాయి.

ఈనాటికీ ఆ గీతల్లో వేలు పెడితే కాస్త అంటుకుంటుంది. రాతిలోంచి ఊరే రసమని కొందరంటారు. పరీక్ష చేయించినవారు ఎవరూ లేరు.

పుష్యమాసం చివరి ఆదివారం ఇక్కడ జాతర జరుగుతుంది. కొబ్బరికాయ కొట్టరు, జంతుబలి లేదు. వచ్చేవారు జానెడు పాత గుడ్డ ఒకటి తెస్తే చాలు. నూలు గుడ్డే తేవాలని మనవి. ఈ మధ్య వస్తున్న జారుడు చీరల ముక్కలకు జిగురు సరిగ్గా పట్టదు, కుట్టే తల్లులు ఇబ్బంది పడుతున్నారు. ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే వారి బట్టలోంచి ముక్క తేవడం శ్రేష్ఠమని భావిస్తారు. గుడ్డ తెచ్చినవారు ఆ పూట పస్తుండి, తమ వంతు చింతగింజల అంబలిని ముక్క అంచుకు తామే రాయాలి. చిన్నపిల్లలకు, బాలింతలకు, జబ్బుపడినవారికి పస్తు లేదు. వారిని ఆకలితో కూర్చోబెట్టడం అమ్మవారికి ఇష్టం కాదు.

కోత మొదలుపెట్టే ముందు బీరన్న వంశంలో పెద్దవాడు రెండు దోసిళ్ళ చింతగింజలు తెచ్చి బండ మీద పోస్తాడు. సన్నక్క వంశపు ఆడపడుచు, "ముందే తెచ్చినావా అన్నా?" అని అడుగుతుంది. "ముందే తెచ్చినాను తల్లీ," అని ఆయన చెబుతాడు. ఆ మాట పడేదాకా కొడవలి ముట్టరు. ఒక ఏడు ఆ పెద్దాయన దారిలో ఆలస్యమై మధ్యాహ్నం దాటాక వచ్చాడట. ఆ ఏడు గుడ్డ కోయకుండానే జాతర ముగించారు.

ఆ ముక్కలన్నీ కలిపి ఒకే బొంతగా కుట్టడం పూర్తయ్యాక దాన్ని ఊళ్ళో పసిబిడ్డలున్న ఇంటికి ఇస్తారు. చలి జ్వరాలతో, ఒంటి బలం లేక బాధపడే పిల్లలను ఆ బొంతలో ఒక్క పూట పడుకోబెడితే తేరుకుంటారని నమ్మకం. నెలలు నిండని కాన్పుల పిల్లలను దూరం నుంచి తీసుకువచ్చేవారు ఏటా ఉంటారు. బిడ్డలను పోగొట్టుకున్న తల్లులు కూడా వస్తారు. వారు ఏమీ కోరుకోరు. ఆరు కుప్పల మీది పాత బొంతలు తీసి కొత్తవి కప్పే పని వారిది. ఆ పనికి మరొకరిని రానివ్వరు.

ఇంటికి ఇచ్చే ముందు బొంతను ఒకసారి కొలుస్తారు. జాతరకు వచ్చిన పిల్లలందరినీ బండ పక్కన వరుసగా పడుకోబెట్టి మీద పరుస్తారు. ఎందరు వచ్చినా ఏ బిడ్డా బయట ఉండకూడదు. తక్కువైతే అప్పటికప్పుడు మరో ముక్కకు జిగురు రాసి, ఆరేదాకా అందరూ కాచుకుని, కోసి, కలుపుతారు. తొందర చేసినవారిని పెద్దలు ఊరుకోమంటారు. అందరికీ చాలాక కూడా పని ఆపరు. వరుస చివర మరో ఆరుగురు పట్టేంత మేర కుడతారు. ఆ చోట ఎవరినీ పడుకోబెట్టరు. కనుమలో గాలి వీస్తూనే ఉంటుంది. పిల్లల మీది బొంత వాళ్ళ ఊపిరికి లేస్తూ దిగుతూ ఉంటుంది. చివరి ఆరు చోట్ల మేర మాత్రం అది నేలను కరుచుకుని పడి ఉంటుంది. ఎంత గాలి వచ్చినా ఆ అంచు లేవదు.